ఆ రక్తం మనిషిదా.. మేకదా? కత్తి మీది మరక గుట్టును ల్యాబ్ ఎలా విప్పుతుంది?

"ఆ కత్తి మీద ఉన్నది కోడి రక్తం సార్.. పొద్దున్నే కోడిని కోశాం."

హత్య కేసుల్లో ఇలాంటి మాట పోలీసులకు కొత్తేమీ కాదు. ఒక్కోసారి అది పచ్చి అబద్ధం. ఒక్కోసారి అక్షరాలా నిజం. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు అయితే ఆ మాటను అంత తేలిగ్గా కొట్టిపారేయలేం కూడా. ఆదివారం వస్తే మాంసం కొట్ల ముందు జనం, జాతరల్లో మేకపోతులు, సంక్రాంతికి కోడి కత్తులు, నిజాంపట్నం హార్బర్ దగ్గర చేపలు కోసే కత్తిపీటలు.. రక్తం అంటిన కత్తి దొరకడం ఇక్కడ వింతేం కాదు.

మరి కత్తి మీదో, చొక్కా మీదో, గోడ మీదో ఎండిపోయి గోధుమ రంగుకు తిరిగిన ఆ మరక మనిషిదో మేకదో ఎలా తేలుస్తారు? కంటితో చూస్తే రెండూ ఒకటే. వాసనా ఒకటే. కానీ ఆ ఒక్క ముక్క తేలకపోతే నేరం చేసినవాడు బయటపడొచ్చు.. ఏ పాపం ఎరగనివాడు జైల్లో కూర్చోవచ్చు.

ల్యాబ్‌లో మరకను వరుసగా కొన్ని ప్రశ్నలు అడుగుతారు.

1. ఇది అసలు రక్తమేనా?
2. రక్తమైతే మనిషిదా, జంతువుదా?
3. మనిషిదైతే ఎవరిది?
4. అది అక్కడికి ఎలా వచ్చింది?

మొదటి మూడింటికి ల్యాబ్ జవాబు చెప్పగలదు. నాలుగోదానికి ల్యాబ్ ఒక్కటే సరిపోదు. దర్యాప్తు కావాలి, సాక్ష్యం కావాలి. చాలామంది "రక్తం దొరికింది" అనగానే నాలుగో మెట్టు మీదకి దూకేస్తారు. అసలు చిక్కంతా అక్కడే.

మొదటి మెట్టు: అసలు రక్తమేనా?

ఎర్రగా ఉన్నదంతా రక్తం కాదు. కిళ్లీ ఉమ్మి, తుప్పు, పెయింట్, ఎర్రమట్టి.. అన్నీ ఎండాక ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. మన నాలుగు రోడ్ల కూడళ్లలో దిష్టి తీసి పోసే ఎర్ర నీళ్లే చూడండి. పసుపు నీళ్లలో సున్నం కలిపితే చాలు, ఎర్రగా మారిపోతాయి. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం సున్నం లాంటి క్షారం తగిలితే రంగు మార్చుకుంటుంది. పసుపు మార్కెట్‌కు పేరున్న దుగ్గిరాల తెనాలి పక్కనే. పొద్దున్నే గుమ్మం ముందు ఎర్ర మరక చూసి గుండె గుభేల్మన్నా, అది పసుపు సున్నమే కావచ్చు.

అందుకే ముందు ఒక రంగు పరీక్ష చేస్తారు. ఎక్కువగా వాడేది కాసిల్-మేయర్ పరీక్ష. మరకను దూదిపుల్లతో తుడిచి, దాని మీద ఫినాప్తలీన్ నుంచి తయారుచేసిన రంగులేని ద్రావణం ఒక చుక్క వేస్తారు. ఆ తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క. రక్తమైతే కొన్ని సెకన్లలోనే గులాబీ రంగు వస్తుంది. రక్తంలోని హీమ్ అనే ఇనుము ఉన్న భాగం ఈ చర్యను పరుగులు పెట్టిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పెరాక్సైడ్ వేయకముందే రంగు వచ్చిందంటే అది రక్తం లెక్క కాదు, మరక మీద ఇంకేదో రసాయనం ఉందని అర్థం. ముల్లంగి లాంటి కొన్ని కూరగాయల రసం కూడా ఈ పరీక్షను తప్పుదారి పట్టించగలదు. చీకట్లో నీలంగా మెరిసే లూమినాల్ సంగతీ అంతే. సినిమాల్లో అది మెరిస్తే హంతకుడు దొరికిపోయినట్టే. నిజానికి బ్లీచింగ్ ద్రావణానికి, రాగికి కూడా అది మెరుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం.. ఈ పరీక్షలు మేక రక్తానికీ, కుక్క రక్తానికీ, మనిషి రక్తానికీ ఒకేలా రంగు చూపిస్తాయి. హీమ్ అందరిలోనూ ఒకటే. కాబట్టి ఘటనాస్థలంలో క్లూస్ టీం దూదిపుల్ల గులాబీ రంగులోకి మారిందంటే దాని అర్థం "రక్తం కావచ్చు" అని మాత్రమే. ఆ తర్వాత ల్యాబ్‌లో టకయామా లాంటి స్ఫటిక పరీక్ష చేస్తారు. మైక్రోస్కోప్ కింద గులాబీ రంగు స్ఫటికాలు కనిపిస్తే అది రక్తమేనని ఖాయం చేస్తారు. అప్పటికీ ఎవరి రక్తమో, దేని రక్తమో తెలియదు.

మైక్రోస్కోప్‌లో చూస్తే తెలిసిపోదా?

మంచి ప్రశ్నే. పచ్చి రక్తమైతే కొంతవరకు తెలుస్తుంది. కోడి, చేప ఎర్ర రక్తకణాల మధ్యలో కేంద్రకం ఉంటుంది. మనిషి, మేక, గేదె కణాల్లో ఉండదు. సైజులో కూడా తేడా ఉంది. మనిషి ఎర్ర రక్తకణం వెడల్పు 7 నుంచి 8 మైక్రాన్లు, మేకది 3 నుంచి 4 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు.

ఇక రొయ్య సంగతి పూర్తిగా వేరు. రేపల్లె, నిజాంపట్నం చెరువుల్లో పెరిగే రొయ్య ఒంట్లో హిమోగ్లోబినే ఉండదు. రాగి ఉన్న హిమోసయానిన్ ఉంటుంది. అందుకే దాని రక్తం ఎర్రగా ఉండదు, గాలి తగిలితే నీలం ఛాయ వస్తుంది.

అయితే పోలీసుల చేతికి పచ్చి రక్తం ఎక్కడ దొరుకుతుంది? దొరికేది ఎండిన మరక. ఎండితే కణాలు ముడుచుకుపోతాయి, పగిలిపోతాయి. కొలతలు పనికిరావు. పైగా కుక్క కణం సైజు దాదాపు మనిషి కణమంతే ఉంటుంది. అందుకే 19వ శతాబ్దమంతా కోర్టుల్లో "ఇది గొర్రె రక్తం" అని నిందితుడు అంటే, కాదని గట్టిగా నిరూపించే దారి లేకుండా పోయింది.

1901.. కుందేలు చూపించిన దారి

ఆ దారి జర్మనీలో దొరికింది. 1901లో పౌల్ ఊలెన్‌హూట్ అనే శాస్త్రవేత్త ఒక పద్ధతి కనిపెట్టారు. కుందేలుకు మనిషి రక్తంలోని సీరం కొద్దికొద్దిగా ఎక్కిస్తే, కుందేలు శరీరం దాన్ని పరాయి పదార్థంగా గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఆ కుందేలు సీరం తీసి, మరక కరిగించిన నీటితో కలిపితే.. మనిషి రక్తమైతే రెండూ కలిసే చోట తెల్లటి మసక పొర ఏర్పడుతుంది. మేక రక్తమైతే ఏమీ జరగదు. మేక సంగతి తేల్చాలంటే మేక కోసం తయారుచేసిన సీరం వేరే ఉండాలి. దీన్నే ప్రెసిపిటిన్ పరీక్ష అంటారు.

అదే ఏడాది ఆ పరీక్షకు అసలైన సవాలు ఎదురైంది. జర్మనీలోని రూగెన్ దీవిలో ఇద్దరు అన్నదమ్ములు, చిన్నపిల్లలు, దారుణంగా హత్యకు గురయ్యారు. లుడ్విగ్ టెస్నోవ్ అనే వడ్రంగిని పట్టుకున్నారు. అతని బట్టల మీద మరకలు ఉన్నాయి. అవి చెక్కకు వేసే రంగు మరకలని అతను చెప్పాడు. 1898లో ఇంకో చోట ఇద్దరు బాలికలు హత్యకు గురైనప్పుడు కూడా అతను అదే మాట చెప్పి బయటపడ్డాడు. రూగెన్‌లో కొన్ని వారాల ముందే ఎవరో గొర్రెలను కూడా నరికి చంపారు. ఆ అనుమానం కూడా అతని మీదే ఉంది.

బట్టలు ఊలెన్‌హూట్ దగ్గరకు వెళ్లాయి. ఆయన మరక తర్వాత మరక పరీక్షించారు. కొన్ని చోట్ల మనిషి రక్తం, కొన్ని చోట్ల గొర్రె రక్తం ఉన్నట్టు తేలింది. ఒకే బట్టల మీద రెండు నేరాల గుర్తులు విడివిడిగా బయటపడ్డాయి. టెస్నోవ్‌కు కోర్టు మరణశిక్ష విధించింది.

మద్రాసు, కలకత్తా.. ఇప్పుడు మంగళగిరి

తెనాలి, బాపట్ల, రేపల్లె అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊళ్లు. దేశంలో మొదటి కెమికల్ ఎగ్జామినర్ ల్యాబ్ 1849లో మద్రాసులోనే మొదలైంది. మొదట్లో ముఖ్యంగా విషప్రయోగం కేసులు చూసేవారు. రక్తం మనిషిదా జంతువుదా అని తేల్చడానికి 1910లో కలకత్తాలో ఇంపీరియల్ సీరాలజిస్ట్ కార్యాలయం ఏర్పడింది. దేశం నలుమూలల నుంచి రక్తపు మరకల గుడ్డలు అక్కడికి చేరేవి.

తర్వాత రాష్ట్రాల్లో ఫోరెన్సిక్ ల్యాబులు వచ్చాయి. మన వాళ్లకు ఏళ్ల తరబడి ఎఫ్‌ఎస్‌ఎల్ అంటే హైదరాబాద్ రెడ్‌హిల్స్. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ ఎఫ్‌ఎస్‌ఎల్ మంగళగిరికి వచ్చింది. తెనాలి నుంచి చూస్తే పక్కనే. అయినా కత్తి నేరుగా స్టేషన్ నుంచి ల్యాబ్‌కు వెళ్లిపోదు. మధ్యవర్తుల సమక్షంలో సీజ్ చేయాలి, సీల్ వేయాలి, కోర్టుకు పంపాలి. అక్కడి నుంచి లెటర్ ఆఫ్ అడ్వైస్‌తో ల్యాబ్‌కు చేరాలి. ఈ దారిలో ఎక్కడ ఆలస్యమైనా, ఎక్కడ సీల్ సరిగా లేకపోయినా డిఫెన్స్ లాయర్ మొదట పట్టుకునేది అదే.

ఇప్పుడు కొవిడ్ కిట్ లాంటి స్ట్రిప్

ఊలెన్‌హూట్ సూత్రం ఇప్పటికీ బతికే ఉంది. రూపం మాత్రం మారింది. కొవిడ్ టైంలో ఇంట్లో వాడిన ర్యాపిడ్ టెస్ట్ కిట్ గుర్తుందా? ఇదీ అలాంటిదే. మరక కరిగించిన ద్రావణం కొన్ని చుక్కలు స్ట్రిప్ మీద వేస్తారు. అందులో మనిషి హిమోగ్లోబిన్‌ను పట్టుకునే యాంటీబాడీలు ఉంటాయి. రెండు గీతలు వస్తే మనిషి రక్తం. ఒక్క కంట్రోల్ గీతే వస్తే మనిషి రక్తం దొరకలేదని అర్థం. నిమిషాల్లో పని అయిపోతుంది.

దీనికీ పరిమితులు ఉన్నాయి. ఒకటి.. కోతి జాతి జంతువుల రక్తం కొన్నిసార్లు మనిషి రక్తంలాగే గీత చూపించవచ్చు. అవి మనకు దగ్గరి బంధువులు కాబట్టి ప్రొటీన్లూ దగ్గరగానే ఉంటాయి. రెండు.. రక్తం మరీ చిక్కగా ఉంటే గీత రాకుండా పోతుంది. యాంటీబాడీలన్నీ ఒక్కసారిగా నిండిపోయి గీత దగ్గర పట్టుకోలేకపోతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ద్రావణాన్ని పలచన చేసి మళ్లీ పరీక్షిస్తారు.

ఇంకో మాట. మనిషిదని తేలకముందే "ఓ గ్రూప్, ఏ గ్రూప్" అని చూడటం పనికిరాదు. మన ఏ, బీ గ్రూపుల గుర్తులను పోలిన పదార్థాలు కొన్ని జంతువుల్లో కూడా ఉంటాయి. ముందు జాతి, ఆ తర్వాతే గ్రూపు.. వరుస తప్పితే రిపోర్టే తప్పుతుంది.

గాడిదా.. గుర్రమా? ఇక్కడే డీఎన్‌ఏ కావాలి

"మనిషిది కాదు" అని చెప్పడం ఒక ఎత్తు. "ఫలానా జంతువుది" అని చెప్పడం ఇంకో ఎత్తు. గొర్రె-మేక, ఆవు-గేదె, గుర్రం-గాడిద లాంటి దగ్గరి జాతుల మధ్య యాంటీబాడీలు తడబడతాయి.

ఇది బాపట్లకు బాగా తెలిసిన సమస్యే. గాడిద రక్తం తాగితే, మాంసం తింటే బలం వస్తుందనే నమ్మకం కోస్తాలో కొన్ని చోట్ల ఉంది. 2021 సంక్రాంతికి వచ్చిన క్రాక్ సినిమాతో అది అందరి నోళ్లలో నానింది. 2022 అక్టోబర్‌లో బాపట్లలో దాడులు చేసి 400 కిలోలకు పైగా గాడిద మాంసం పట్టుకున్నారు. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం గాడిద మాంసం అమ్మడానికి వీల్లేదు. కానీ ముక్కలు కొట్టి గుట్ట పోసిన మాంసం చూసి ఏది గాడిదో, ఏది గేదో ఎలా చెప్తారు? అమ్మినవాడు కాదంటే నిరూపించాల్సింది ల్యాబే.

ఈ విషయంలో ప్రపంచానికి దారి చూపిన పని హైదరాబాద్‌లోనే జరిగింది. సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఎస్.కె. వర్మ, లాల్జీ సింగ్ కలిసి ఒక యూనివర్సల్ ప్రైమర్ పద్ధతి తయారుచేశారు. ప్రతి జంతువు కణంలోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్-బి అనే జన్యువు ఉంటుంది. దాంట్లో ఒక ముక్కను కాపీలు తీసి చదివితే అది ఏ జంతువుదో చెప్పేయవచ్చు. రక్తపు చుక్క, మాంసం ముక్క, చర్మం, వెంట్రుక.. ఏదైనా సరే. పులి చర్మాల లాంటి వన్యప్రాణి కేసుల్లో ఈ పద్ధతి బాగా అక్కరకొచ్చింది. మాంసం ఏ జంతువుదో డీఎన్‌ఏతో తేల్చే పని హైదరాబాద్ శివారు చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ కూడా చేస్తుంది.

ఇక మనిషి రక్తమని తేలాక, ఆ మనిషి ఎవరో చెప్పేది కూడా డీఎన్‌ఏనే. ఇక్కడో చిన్న వింత ఉంది. మన ఎర్ర రక్తకణాల్లో డీఎన్‌ఏ ఉండదు. దొరికేది తెల్ల రక్తకణాల నుంచి. కోడిలో మాత్రం ఎర్ర కణాల్లో కూడా డీఎన్‌ఏ ఉంటుంది.

"మూలం తేలలేదు" అని రిపోర్ట్ వస్తే?

ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టుల్లో ఒక మాట కనిపిస్తుంటుంది. "రక్తం ఉంది, కానీ మూలం నిర్ధారించలేకపోయాం." అంటే మరక పాడైపోయింది, మనిషిదో కాదో చెప్పలేం అని. అప్పుడు కేసు పోయినట్టేనా?

సుప్రీంకోర్టు 1999లో రాజస్థాన్ ప్రభుత్వం వర్సెస్ తేజారాం కేసులో దీని మీద స్పష్టత ఇచ్చింది. రెండు గొడ్డళ్లు దొరికాయి. ఒకదాని మీద మనిషి రక్తమని తేలింది. రెండోదాని మీద రక్తం బాగా పాడైపోవడంతో మూలం తేలలేదు. మూలం తేలనంత మాత్రాన అది మనిషి రక్తం కాదని అనుకోనక్కర్లేదు, మిగతా సాక్ష్యాలతో కలిపి చూడాలి అని కోర్టు చెప్పింది.

అలాగని దీన్ని ప్రతి కేసుకూ అతికించలేం. 2019లో బల్వాన్ సింగ్ వర్సెస్ ఛత్తీస్‌గఢ్ కేసులో ఇలా మూలం తేలని రక్తం ప్రశ్న మళ్లీ వచ్చింది. దీనికి ఒకే ఫార్ములా ఉండదు, ప్రతి కేసులో న్యాయమూర్తి మనసుకు నమ్మకం కుదరాలి అని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో మిగతా ఆధారాలు బలంగా లేకపోవడంతో నిందితులు నిర్దోషులుగా బయటకు వచ్చారు. 2011లో ముస్తకీం కేసులో అయితే ఇంకో మెట్టు పైకి వెళ్లింది. దొరికిన ఆయుధం మీది రక్తం గ్రూపు మృతుడి గ్రూపుతో కలిసినా, ఆ ఒక్కదానితోనే శిక్ష వేయలేమని చెప్పింది.

రిపోర్ట్ ఉంటే చాలదు.. తెనాలికి తెలిసిన పాఠం

2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో తెనాలికి చెందిన ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. అది రక్తం మనిషిదా జంతువుదా అన్న కేసు కాదు. కానీ ల్యాబ్ సాక్ష్యం ఎంత దూరం మోయగలదో చెప్పే కేసు. ప్రాసిక్యూషన్ డీఎన్‌ఏ పరీక్షను కూడా ఆధారంగా చూపింది. 2010లో విజయవాడ కోర్టు ఒక యువకుడికి యావజ్జీవ శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ శిక్షను రద్దు చేసి అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి అతను జైల్లో ఎనిమిదేళ్లు గడిపేశాడు. ఆ తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. 2019 డిసెంబర్‌లో, అంటే 12 ఏళ్ల తర్వాత, తెనాలిలో ఖననం చేసిన మృతదేహాన్ని బయటకు తీసి మళ్లీ పోస్ట్‌మార్టం చేయాల్సి వచ్చింది.

ఒక కుటుంబానికి న్యాయం అందలేదు. ఇంకో యువకుడికి ఎనిమిదేళ్లు పోయాయి. ల్యాబ్ రిపోర్టు ఉండటం వేరు, అది కోర్టులో నిలబడటం వేరు. శాంపిల్ ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, ఎలా భద్రపరిచారు.. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా సైన్స్ మాట చెల్లదు.

మరక ఎక్కడ పాడవుతుంది?

ఎక్కువసార్లు మరక పాడయ్యేది ల్యాబ్‌లో కాదు.. ల్యాబ్‌కు చేరేలోపే. ముఖ్యంగా మన తీరప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ. తడి రక్తాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి పెడితే లోపల బూజు, బ్యాక్టీరియా పెరిగి ప్రొటీన్లనూ డీఎన్‌ఏనూ తినేస్తాయి. అందుకే..

- తడి బట్టలను నీడలో ఆరబెట్టాలి, ఎండలో కాదు.
- కాగితపు కవర్లలో పెట్టాలి, ప్లాస్టిక్‌లో కాదు.
- ప్రతి వస్తువునూ విడివిడిగా ప్యాక్ చేయాలి. మృతుడి చొక్కా, నిందితుడి చొక్కా ఒకే సంచిలో పెడితే ఒకదాని రక్తం ఇంకోదానికి అంటవచ్చు.
- మరక లేని చోటు నుంచి కూడా శాంపిల్ తీయాలి. పోల్చుకోవడానికి అదే ఆధారం.
- రక్తం ఇంకిన మట్టిని త్వరగా తీయాలి. మట్టిలోని సూక్ష్మజీవులు మరకను త్వరగా నాశనం చేస్తాయి.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఈ విషయంలో ఒక పెద్ద మార్పు ఉంది. ఏడేళ్లు, అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, దాన్ని వీడియో తీయించాలి. రాష్ట్రాలు దీన్ని ఐదేళ్లలోపు పూర్తిగా అమల్లోకి తేవాలి. మరక మొదటి గంటల్లోనే సరైన చేతుల్లో పడితే "మూలం తేలలేదు" అనే మాట తగ్గుతుంది.

మీ వీధిలో అనుమానపు మరక కనిపిస్తే..

కంగారు పడి నీళ్లు పోసి కడగొద్దు. ముగ్గు పొడో, మట్టో చల్లి కప్పొద్దు. తొక్కకుండా పక్క నుంచి వెళ్లండి. వాన పడేలా ఉంటే తగలకుండా పైన బోర్లించిన తొట్టి లాంటిది అడ్డం పెట్టండి. 112కి ఫోన్ చేయండి. ఫోన్‌లో ఫొటో తీసినా, "హత్య జరిగింది" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. అది మేక రక్తమో, దిష్టి నీళ్లో అయితే ఊరంతా ఉత్తపుణ్యానికి భయపడుతుంది. నిజంగా మనిషి రక్తమే అయితే, సాక్ష్యం మాయం చేయాల్సినవాడికి మీరే కబురు పంపినట్టవుతుంది.

ఇకపై వార్తల్లో "కత్తిపై రక్తపు మరకలు" అని చూసినప్పుడు ఒక్క క్షణం ఆగండి. అది రక్తమని తేలిందా? మనిషిదని తేలిందా? ఎవరిదని తేలింది? ఈ మూడూ తేలేదాకా ఆ కత్తి ఎవరి మీదా నేరం మోపలేదు.